ఆమిష్ సీమకు పోదగునా?

అమెరికాలో స్థిరపడిన కుమారుని యింటనో కుమార్తె యింటనో కొన్ని మాసములు గడుపుటకు పోవు మన తెలుగు తల్లిదండ్రులకు ఆ దేశపు తూర్పు తీరమున యాత్రాక్రమ మొకటి ముందుగనే యేర్పడియుండును: న్యూయార్కు రేవునందలి స్వాతంత్ర్యదేవతా విగ్రహము, వాషింగ్టనులోని శ్వేతసౌధము, నయాగరా జలపాతము, హెర్షీ పట్టణమునందలి చాక్లెట్ల వినోదశాల, వీని నడుమ, దారికి చేరువగా నున్నది గనుక, పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి లాంకాస్టర్ కౌంటీలో ఒక పూట. అక్కడ ఆమిష్ వారను జనులు కలరనియు, కరెంటు తీగ యింటికి రానీయరనియు, కారు కొనక గుఱ్ఱపుబగ్గీలలో తిరుగుదురనియు పిల్లలు చెప్పుదురు. చూచి వచ్చిన పిదప కొందఱు, "మన పల్లెటూళ్ళలో లేనిది అక్కడ ఏమున్నది?" అని పెదవి విఱుతురు, మఱికొందఱు, "అబ్బ, ఎంత ప్రశాంతముగా నున్నదో!" అని మురిసిపోదురు. కారు అద్దములో నుండి చూచిన పూటకు ఈ రెండు మాటలకు మించి రాలవు. నా మట్టుకు నేను ఆమిష్ సీమ తప్పక చూడదగినదనియు, మనవారిలో హెచ్చుమంది నేడు చూచుచున్న రీతిని మాత్రము చూడదగదనియు నిశ్చయముగా నమ్ముచున్నాను.

ఫిలడెల్ఫియాకు పడమటగా అఱువది డెబ్బది మైళ్ళ దూరమున నున్న లాంకాస్టర్ నగరమునకు తూర్పున ముప్పదవ నంబరు రహదారి వెంబడి పోవువానికి మొదట కనబడునది ఆమిష్ జీవనము కాదు. ఆమిష్ పేరిట సాగు వర్తకము. హోటళ్ళు, భోజనశాలలు, వస్త్రపు బొమ్మలు అమ్ము దుకాణములు, డాలర్లు పుచ్చుకొని బగ్గీ నెక్కించి త్రిప్పు సంస్థలు బారులు తీరియుండును. వానిలో పెక్కింటి యజమానులు ఆమిష్ వారు కారు. ఈ వర్తకము నిన్న మొన్న పుట్టినది కాదు. 1955లో బ్రాడ్వే రంగస్థలముపై 'ప్లెయిన్ అండ్ ఫ్యాన్సీ' అను సంగీతనాటిక వీరి జీవితము నితివృత్తముగా గొని ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరముననే ఒక పాత వ్యవసాయగృహమును 'ఆమిష్ ఫార్మ్ అండ్ హౌస్' అను పేర సందర్శకులకు తెఱచిరి. 1985లో పీటర్ వియర్ దర్శకత్వమున హారిసన్ ఫోర్డ్ నటించిన 'విట్నెస్' చలనచిత్రము వచ్చిన పిదప ఆ సీమ పేరు లోకమంతట వ్యాపించెను. ఆ చిత్రము తమ పొలముల నడుమ తీయబడుచున్నప్పుడు ఆమిష్ పెద్దలు దానిని హర్షింపలేదు. ఒక పూట యాత్రికుడు ఈ రహదారిని దాటి లోపలికి పోడు. పోయినను, నల్లటోపీ, గడ్డము, తెల్లని తలగుడ్డ, బూడిదరంగు బగ్గీ కంటబడగనే తాను వచ్చిన పని తీరినదనుకొనును. ఆ వేషము వెనుకనున్న చరిత్ర తెలియనివానికి అది నాటకపు వేషముకంటె భిన్నముగా తోచుటకు హేతువు లేదు.

ఆ చరిత్ర 1525 జనవరిలో స్విట్జర్లాండునందలి జ్యూరిచ్ నగరమున ఆరంభమగుచున్నది. పసిపాపకు చేయు బాప్తిస్మము చెల్లదనియు, వయస్సు వచ్చి, మంచిచెడ్డ లెఱిగి, తనంత తాను కోరి స్వీకరించిననే అది బాప్తిస్మమగుననియు విశ్వసించిన కొందఱు ఆనాడు ఒకరికొకరు మరల బాప్తిస్మ మిచ్చుకొనిరి. నేటి మన చెవులకిది స్వల్పవిషయము. కాని, పుట్టిన ప్రతి శిశువును ఏకకాలమున చర్చికిని రాజ్యమునకును జెందినదిగా లెక్కించుకొను ఆ కాలమున, మతము మనుష్యుని స్వేచ్ఛానిర్ణయమనుట రాజ్యపు పునాదిని కదల్చుటయే. 1527లో ఫెలిక్స్ మాంట్స్ అను వానిని జ్యూరిచ్ నగరమునందే లిమ్మట్ నదిలో ముంచి చంపిరి. ఆ తరువాత శతాబ్ది పొడవునను యూరపు దేశములలో వందలకొలది స్త్రీపురుషులు నీటను నిప్పునను కత్తివాదరను ప్రాణములు విడిచిరి. పస్సావు కోట చెఱసాలలో బంధింపబడినవారు కట్టుకొన్న పాటలు 1564లో అచ్చుపడి 'ఔస్‌బుండ్' అను కీర్తనగ్రంథమునకు ఆధారమయ్యెను. ఆ గ్రంథమునే ఆమిష్ వారు నేటికిని, వాద్యసహాయము లేకుండ, అతివిలంబితముగా పాడుకొనుచున్నారు. హాలండులో 1569లో డిర్క్ విలెమ్స్ అను ఖైదీ చెఱనుండి తప్పించుకొని, గడ్డకట్టిన నీటిపై పరుగెత్తి పోవుచుండగా, వెంటబడిన భటుడు పలుచని మంచు విఱిగి నీట మునిగెను. పాఱిపోవువాడు వెనుదిరిగి వచ్చి వానిని పైకి లాగెను. అందుచేతనే పట్టుబడి, సజీవదహనము నొందెను. 1660లో వెలువడిన 'మార్టిర్స్ మిరర్' అను మహాగ్రంథమున నిక్షిప్తమైన ఈ కథను ఎఱుగని ఆమిష్ బాలుడుండడు. అహింస వారికి ఉపన్యాసవిషయము కాదు, వంశచరిత్ర.

1693లో యాకోబ్ అమ్మాన్ అను గురువు, సంఘబహిష్కృతులతో సాంగత్యము పూర్తిగా వర్జింపవలెనని పట్టుబట్టి తక్కినవారినుండి విడివడెను. అతని పేరిటనే వీరు ఆమిష్ వారైరి. మతసహనమును చాటి విలియం పెన్ స్థాపించిన పెన్సిల్వేనియాకు పదునెనిమిదవ శతాబ్దిలో వలసవచ్చిరి. 1737లో 'చార్మింగ్ నాన్సీ' అను ఓడలో వచ్చిన కుటుంబములను నేటికిని తలచుకొందురు. యూరపులో మిగిలినవారు క్రమముగా ఇతర సంఘములలో కలిసిపోగా, నేడు ఆమిష్ వారనువారు దాదాపు అందఱును ఉత్తర అమెరికాలోనే కలరు: అన్ని సీమలందును కలిసి సుమారు నాలుగు లక్షలమంది, లాంకాస్టర్ పరిసరములందే నలువది వేలకు పైబడి. అనవలసిన మాట ఇంకొకటి కలదు. మన పాలమూరు, నల్లగొండ, షంషాబాదు ప్రాంతముల మెన్నొనైట్ బ్రెదరన్ చర్చీలు, జడ్చర్లలోని వారి ఆసుపత్రి తెలంగాణమున పెక్కుమందికి తెలిసినవే. వారును ఆమిష్ వారును వేఱువేఱు శాఖలే యైనను, 1525నాటి ఆ ఒక్క వేరునుండియే పుట్టినవారు. ఆమిష్ వారు మనకు మనము తలచునంత దూరపువారు కారు.

ఇక ఆ సీమలో చూడదగినదేమి యన్న ప్రశ్నకు వత్తును. లాంకాస్టర్ ఆమిష్ వారు యంత్రము నెఱుగనివారను అభిప్రాయము అక్కడ కాలు మోపిన గంటకే చెదరిపోవలెను. చెదరకున్నచో చూపులోనే లోపమున్నది. వడ్రంగపు కొట్టములలో సంపీడితవాయువుతో రంపములు తిరుగుచుండును. పశువులశాలలో పాలను చల్లార్చుటకు డీజిలు యంత్రము మ్రోగుచుండును. ట్రాక్టరు సైతము కొట్టమువద్ద నిలిచి గడ్డి పైకెక్కించుచుండును, పొలమున మాత్రము కంచరగాడిదలు దున్నుచుండును. కారు కొనరాదు, బాడుగకారులో ఆసుపత్రికి పోవచ్చును. టెలిఫోను పడకింట ఉండరాదు. బాటచివర చిన్న గూటిలో ఉండవచ్చును. బైసికిలు కూడదు, కాలితో నెట్టుకొని పోవు స్కూటరు కూడును. చూచువారు, "ఇదెక్కడి నియమము? ఇది కపటము గాదా?" అని నవ్వుదురు. ఆ నవ్వుచోటనే ఆగి ఆలోచించినవానికి ఆ యాత్ర ఫలించినట్లు.

ఏలయన, ఆ నియమముల వెనుక ఒక ప్రశ్న కలదు. ఈ వస్తువు మంచిదా చెడ్డదా అని వారడుగరు. ఇది మన నడుమకు వచ్చినచో మనము ఒకరికొకరము ఏమగుదుము అని యడుగుదురు. కారు గలవాడు ఇరువది మైళ్ళ అవతల స్నేహములు వెదకికొనును, ప్రక్కయింటివాని కొట్టము కాలినను వానికి తెలియదు. అందుచేత కారు సొంతముగా వలదు. ఫోను ఇంటిలో మ్రోగినచో భోజనము నడుమ లేచి పోవలసివచ్చును, మాటకై మనుష్యుని గడపకు పోవు వాడుక తగ్గును. అందుచేత అది బాటచివర ఉండవలెను. పొలమున ట్రాక్టరు వచ్చినచో ఒక్కడే నూఱెకరములు చేయును, తమ్మునికి పని యుండదు. అందుచేత దానిని కొట్టమునకే పరిమితము చేయవలెను. టెలిఫోను విషయమై 1910 ప్రాంతమున లాంకాస్టరులో సంఘమే రెండుగా చీలునంతటి వివాదము జరిగినది. ఇట్టి నిర్ణయములు సంఘమే చేయును. ముప్పది కుటుంబములు అటునిటుగా ఒక్కొక్క సంఘము. దేవాలయభవనము లేదు, పదునైదు దినముల కొకమారు ఒక్కొక్కరి యింట ప్రార్థన. సంవత్సరమునకు రెండుమారులు ప్రభుభోజన సంస్కారమునకు ముందు, స్త్రీపురుష సభ్యులందఱును కూడి, 'ఓర్డ్నుంగ్' అను తమ కట్టుబాటును ఎదుటబెట్టుకొని, తమకది సమ్మతమేనా యని ఒక్కొక్కరే చెప్పవలెను. తీరని కలత యున్నచో ఆ సంస్కారమే వాయిదా పడును. బోధకుని సైతము సభ్యులు సూచించిన వారిలోనుండి చీటివేసి తీయుదురు. ఎవని కీర్తనపుస్తకములో కాగితపుముక్క దొరకునో, వాడు జీవితాంతము, జీతము లేకుండ, ఆ భారము మోయవలెను.

ప్రపంచమున మిక్కిలి ధనవంతమైన దేశపు నడిబొడ్డున, మహానగరములకు మూడుగంటల దూరములో, సామాన్యులైన కర్షకులు, వడ్రంగులు, గృహిణులు యంత్రమునకు తామే ద్వారపాలకులై నిలిచి, నూఱేండ్లుగా దీనిని రానిచ్చి దానిని బైటనుంచుచున్నారు. మన పల్లెలకు వరికోత యంత్రము వచ్చినప్పుడుగాని, ఇంటింట టెలివిజను వెలసినప్పుడుగాని, చేతిఫోను పసివాని చేతికి చేరినప్పుడుగాని ఊరివారందఱు రచ్చబండపై కూర్చుండి అట్టి ప్రశ్న వేసికొన్నట్లు నేనెఱుగను. మోట పోయి మోటారు వచ్చుటచేత మనుష్యునికిని ఎద్దునకును శ్రమ తప్పినది. దానికై విలపించువాడను కాను. కూడి ప్రశ్నించుకొనుటకు మన ఊళ్ళలో అందఱికిని సమానమైన స్థానము ఏనాడు నుండలేదనియు, కులము ఆ రచ్చబండను ముందే చీల్చివేసెననియు మఱచినవాడనును గాను. ఆ కారణముచేతనే, ప్రశ్నించుట సాధ్యమని కన్నులార చూచుట మనవారికి మిక్కిలి అవసరమని తోచుచున్నది. లాంకాస్టరులో ఒక యింటి ముంగిట బల్లపై కూరగాయలు పెట్టి, పలకపై ధరలు వ్రాసి, సొమ్ము వేయుటకు పెట్టె యుంచి, అమ్ముమనిషి పొలమునకు పోయిన చోట నేను నిలిచి చూచితిని. ఆ నమ్మకము ఆ పరస్పరాశ్రయమునుండి పుట్టిన పంట యని నాకు తోచినది.

దీనిపై గట్టి ఆక్షేపణ యొకటి కలదు. మనుష్యులను చూడబోవుట మర్యాదయేనా? జంతుప్రదర్శనశాలకు పోయినట్లు, బ్రతికియున్న జనుల వేషభాషలను చూడబోవువాడు వారిని వస్తువులుగా చేయుట లేదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అండమానులో జారవా అను ఆదిమవాసుల అడవిగుండ పోవు దారిలో, వారిని వింతవస్తువులుగా చూచి యాత్రికులు చేసిన పనులు మన దేశమునకెల్ల తలవంపులు తెచ్చినవి. ఆమిష్ వారి స్థితి అంతటిది కాదు. వారు భూములు గలవారు, లెక్కలు తెలిసినవారు, తమకు కావలసినంత దూరమున లోకమును నిలుపగలవారు. భూమి వెల పెరిగి వ్యవసాయము అందఱికిని చాలక, దుప్పట్లు కుట్టియు, బల్లలు కుర్చీలు చేసియు, రొట్టెలు కాల్చియు బ్రతుకు కుటుంబములకు యాత్రికుని డాలరు ఆధారము కూడ. అయినను ఆ యాత్రికుడే ఆ భూమి వెల పెరుగుటకు ఒక కారణము. వాని కారే సన్ననిదారిలో బగ్గీని వెనుకనుండి గ్రుద్దు ప్రమాదమునకు హేతువు. బగ్గీ వెనుక తగిలించిన నారింజరంగు త్రికోణము అలంకారము కాదు, ప్రాణరక్షణకు చేసిన విన్నపము. ఎదుట నిలిపి ఛాయాచిత్రము తీయుట తమ విశ్వాసమునకు విరుద్ధమని వారు శతాబ్దమునకు పైగా చెప్పుచున్నను, బడినుండి వచ్చు పిల్లల ముఖముల యెదుట ఫోనులెత్తువారిని చూచినప్పుడు నాకు కలిగిన రోత చెప్పనలవికాదు. అట్లు చేయువారిలో మనవారును ఉందురు.

ఆ సీమలో చూడబోరాని చోటును ఒకటి కలదు. 2006 అక్టోబరు 2వ తేదీన లాంకాస్టర్ కౌంటీలోనే నికెల్ మైన్స్ అను పల్లెలో, ఒక్క గది గల ఆమిష్ బడిలోనికి ఇరుగుపొరుగునకు తెలిసిన పాలబండి నడుపువాడొకడు తుపాకితో ప్రవేశించి, మగపిల్లలను పంపివేసి, పదిమంది బాలికలను కాల్చి, తన్నుతాను చంపుకొనెను. అయిదుగురు బాలికలు మరణించిరి. ఆ సాయంకాలముననే ఆమిష్ వారు కొందఱు ఆ హంతకుని భార్య వద్దకు పోయి ఓదార్చిరి. వాని ఖననమునకు వచ్చినవారిలో సగమునకు మించి ఆమిష్ వారే. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు సైతము అందున్నారు. లోకమునందలి పత్రికలన్నియు ఆ పల్లెపై వ్రాలినవి. క్షమ యింత వేగముగా సాధ్యమా యని కొందఱు శంకించిరి, ఇది క్రోధమును అణచిపెట్టుటయే యని మఱికొందఱు విమర్శించిరి. డిర్క్ విలెమ్స్ కథ వినుచు పెరిగినవారికి క్షమ ఒక వ్యక్తి మనస్సులో ఆ క్షణమున పుట్టవలసిన భావము గాదనియు, సంఘమంతయు ముందే చేసియుంచిన నిశ్చయమనియు, దుఃఖము మాత్రము ఆ నిశ్చయము నీడన ఏండ్లకొలది సాగుననియు గ్రహించినవారికి ఆ శంక యుండదు. పది దినములకే వారు ఆ బడిని నేలమట్టము చేసి, ఆ చోటును పచ్చికబయలు కానిచ్చిరి. కొంతదూరమున 'న్యూ హోప్' అను పేర వేఱొక బడి కట్టుకొనిరి. నేటికిని ఆ చోటెక్కడ యని అడుగు యాత్రికులున్నారు. అడుగకుడని నా ప్రార్థన.

రెండవ ఆక్షేపణ ఆ సమాజము లోపములను గూర్చినది. వానిని కప్పిపుచ్చి ఆమిష్ జీవితమును స్వర్గముగా వర్ణించుట వారికిని మనకును అన్యాయము. వారి పిల్లల చదువు ఎనిమిదవ తరగతితో ముగియును. 1972లో 'విస్కాన్సిన్ వర్సెస్ యోడర్' వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, మతస్వాతంత్ర్యమును పురస్కరించుకొని, అంతకుమించి చదివింపుమని వారిని నిర్బంధింపరాదని తీర్పు చెప్పెను. న్యాయమూర్తి విలియం డగ్లస్ మాత్రము కొంతమేర భిన్నాభిప్రాయము ప్రకటించుచు, తల్లిదండ్రుల కోరిక సరే, బిడ్డ కోరిక యేమని అడిగెను. ఆ ప్రశ్న నేటికిని నిలిచియున్నది. శాస్త్రజ్ఞురాలు కాగల బాలిక పదునాలుగవ యేట బడి మానుటను నేను ఏ సంస్కృతి పేరిటను సమర్థింపజాలను. బాప్తిస్మము పొంది పిదప సంఘమును విడిచిన వానితో ఒక బల్లయొద్ద భుజింపరాదను వెలి, కన్నతల్లికిని కొడుకునకును నడుమ గోడ కట్టును. స్త్రీ బోధకురాలు కాజాలదు. గృహములలో జరిగిన అత్యాచారములను సంఘములోనే మాటుమణచుటయు, క్షమ పేరిట బాధితుల నోరు మూయుటయు కొన్ని చోట్ల జరిగినవని న్యాయస్థానముల వ్యాజ్యములు సాక్ష్యమిచ్చుచున్నవి. కొద్ది కుటుంబములనుండి విస్తరించిన జనులగుటచే కొన్ని అరుదైన జన్యువ్యాధులు వారి పిల్లలను పీడించుచున్నవి. వానికై 1989లో డాక్టర్ హోమ్స్ మార్టన్ స్ట్రాస్‌బర్గ్ పల్లెలో స్థాపించిన 'క్లినిక్ ఫర్ స్పెషల్ చిల్డ్రన్' కట్టడమును ఆమిష్ వారు తమ చేతులతో లేపిరి, వేలంపాటలు పెట్టి సొమ్ము కూర్చిరి. ఎనిమిదవ తరగతి దాటనివారు జన్యుశాస్త్రపు ముందంజను తమ పొలముల నడుమ నిలుపుకొనుట, యంత్రమును గూర్చి చెప్పిన మాటనే బలపఱచుచున్నది.

పోదలచినవారు ఒక దినము పూర్తిగా ఉంచుకొనవలెను. రాత్రి అక్కడనే నిలిచిన మఱియు మేలు. ఆదివారము పోరాదు, వారి అంగళ్ళు మూసియుండును, ప్రార్థనకు పోవు బగ్గీల వెంబడి తిరుగుట మర్యాదయు గాదు. మంగళవారముగాని, శుక్రవారముగాని, శనివారముగాని లాంకాస్టర్ నగరపు సెంట్రల్ మార్కెటులో ఉదయము గడిపి, అటుపిమ్మట ముప్పదవ నంబరు రహదారిని విడిచి, బర్డ్-ఇన్-హ్యాండ్ పల్లెకు ఆవలి సన్నని బాటలు పట్టవలెను. ఇంటి ముంగిట 'దుప్పట్లు', 'తేనె' అని పలక కనబడిన చోట నిలిచి, ఆ యింటివారికే సొమ్ము ముట్టునట్లు కొనుడు. చిన్న గుడ్డముక్కలు కలిపి కుట్టిన ఆ దుప్పటులు మన అమ్మమ్మల బొంతలకు అక్కసెల్లెండ్రు; వెల చూచి వెనుకాడువారు ఒక్కొక్కదానిలోని కుట్లను కొంతసేపు పరీక్షించి, ఆ పిదప బేరమాడవలెనో లేదో తామే నిర్ణయించుకొనవచ్చును. శాకాహారులకు రొట్టెలు, ఆపిలు పండ్ల పచ్చడి, ఊరవేసిన కూరగాయల సీసాలు కొల్లలు. శీతకాలము ముగియు వేళ పోగలవారు 'మడ్ సేల్' అని పిలుచు బురద వేలములకు పోవలెను: ఊరి స్వచ్ఛంద అగ్నిమాపకదళముల ఖర్చునకై జరుగు ఆ వేలములలో దున్నుగుఱ్ఱములు, నాగళ్ళు, దుప్పట్లు ఒకే ఆవరణలో అమ్ముడుపోవుచుండ, ఆమిష్ వారును తక్కినవారును భుజము భుజము రాచుకొని నిలుతురు. అక్కడ యాత్రికుడు ప్రేక్షకుడుగా మిగిలిపోడు. చేయి యెత్తినచో పాట వానిమీద ఖాయమగును. ఫోనును కారులోనే విడుచుట ఉత్తమము.

ముఖ్యముగా, వ్యవసాయముచేసి పిల్లలను చదివించి అమెరికా పంపిన తల్లిదండ్రులను ఆ పిల్లలు ఇక్కడికి తొందరపడి తేరాదు. చాక్లెట్ల వినోదశాలకును మఱియొక ఊరికిని నడుమ అరపూట మిగిలినదను కారణముచేత తెచ్చినచో వారికి కనబడునవి దుకాణములే. నాగలి పట్టిన చేతికి మడకకట్టును, పాడిపశువు పొదుగును చూడగనే అడుగదగిన ప్రశ్నలు నూఱు తోచును. ఎకరమునకెంత పండినది, ఎరువేమి, అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు పొలము ముక్కలు కాకుండ నిలుపుట యెట్లు. కొడుకో కూతురో ప్రక్క నిలిచి తర్జుమా చేసినచో, తీరిక యున్న ఆమిష్ రైతు తఱచు ఓపికతోనే బదులు చెప్పును. తిరిగి తానును అడుగును. అంతటి తీరిక లేనివారు ఆ పూటను నయాగరాకే కలుపుకొనుట మంచిది.